లినక్స్‌లో యుఎస్‌బి ప్రింటర్లు, స్కానర్ల అమరిక

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే కంప్యూటరుకు యుఎస్‌బి తీగ ద్వారా ప్రింటరును గాని, స్కానరును గాని కలిపి పనిచేయించడాన్ని ఆ పరికరం అమరిక అంటారు. లినక్స్‌లో ముద్రణ బాధ్యతను కప్స్ అనే వ్యవస్థ, స్కానింగు బాధ్యతను సేన్ అనే వ్యవస్థ నిర్వహిస్తాయి. నేడు చాలా పరికరాలు తీగ కలిపిన వెంటనే పనిచేస్తాయి. పనిచేయనప్పుడు మాత్రం లోపం తీగలో ఉందా, కెర్నెల్‌లో ఉందా, అనుమతులలో ఉందా, డ్రైవరులో ఉందా, ముద్రణ వరుసలో ఉందా అన్నది వాడుకరికి వెంటనే తెలియదు. ఈ అయిదింటినీ ఒక క్రమంలో పరీక్షిస్తే చాలా సందర్భాలలో లోపం ఎక్కడ ఉన్నదో తేలుతుంది. క్రమం తప్పి, తోచిన డ్రైవరునల్లా స్థాపించుకుంటూ పోతే ఉన్న లోపానికి కొత్త లోపాలు తోడవుతాయి.

గమనిక: ఈ వ్యాసంలో ఆజ్ఞల పేర్లు తెలుగు లిపిలో ఇవ్వబడినవి. టెర్మినల్‌లో వీటిని ఆంగ్ల అక్షరాలలో టైపు చేయాలి. ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప అన్నీ చిన్న అక్షరాలే.

చరిత్ర

స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమానికి, ప్రింటరుకు పాత సంబంధమే ఉంది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ సంస్థ ఒక లేజర్ ప్రింటరును బహూకరించింది. అంతకు ముందున్న ప్రింటరులో కాగితం ఇరుక్కున్నప్పుడు ఆ సంగతి వాడుకరులకు తెలిసేటట్లుగా రిచర్డ్ స్టాల్‌మన్ దాని సాఫ్టువేరును సవరించాడు. కొత్త ప్రింటరుకు మూల సంకేతం ఇవ్వలేదు కనుక ఆ సవరణ సాధ్యపడలేదు. ఆ సంకేతం కలిగిన ఒక పరిశోధకుడిని అడుగగా, గోప్యతా ఒప్పందం కారణంగా అతడు నిరాకరించాడు. 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించడానికి తనను ప్రేరేపించిన అనుభవాలలో దీనిని ఒకటిగా స్టాల్‌మన్ చెప్పాడు. పరికరం చేతిలో ఉన్నా దాని భాష తెలియకపోతే దానిని బాగుచేసుకోలేమన్న ఈ సమస్య లినక్స్ ముద్రణ చరిత్ర పొడుగునా కనిపిస్తుంది.

లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నెల్‌ను విడుదల చేసిన నాటికి ప్రింటర్లను సమాంతర పోర్టుకు కలిపేవారు. యుఎస్‌బి 1.0 ప్రమాణం 1996 జనవరిలో, 1.1 ప్రమాణం 1998లో, సెకనుకు 480 మెగాబిట్ల వేగం గల 2.0 ప్రమాణం 2000 ఏప్రిల్‌లో వెలువడ్డాయి. 2001 జనవరిలో విడుదలైన లినక్స్ 2.4 కెర్నెల్‌తో యుఎస్‌బి పరికరాల వాడకం లినక్స్‌లో విస్తృతమైనది.

కప్స్‌ను మైఖేల్ స్వీట్ రూపొందించాడు. 1997లో మొదలైన ఈ పని 1999లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఆపిల్ సంస్థ 2002లో తన మ్యాక్ ఓఎస్ 10.2లో కప్స్‌ను చేర్చుకొని, 2007లో దాని మూల సంకేతపు హక్కులను కొనుగోలు చేసింది. మైఖేల్ స్వీట్ 2019లో ఆపిల్‌ను విడిచిన తరువాత, 2020 నుండి ఓపెన్‌ప్రింటింగ్ అనే బృందం కప్స్ యొక్క వేరొక శాఖను అభివృద్ధి చేస్తున్నది. నేటి లినక్స్ పంపిణీలలో ఎక్కువగా కనిపించేది ఈ శాఖయే.

స్కానర్ల కొరకు 1990లలోనే సేన్ ప్రాజెక్టు ఆరంభమైనది. 2.4 కెర్నెల్‌లో యుఎస్‌బి స్కానర్లకు ప్రత్యేక మాడ్యూలు ఉండేది. 2.6 శ్రేణిలో దానిని తొలగించి, స్కానరుతో సంభాషించే పనిని కెర్నెల్ వెలుపల లిబ్‌యుఎస్‌బి అనే గ్రంథాలయానికి అప్పగించారు. అందువలన ఆ కెర్నెల్ మాడ్యూలును ఎక్కించమని చెప్పే పాత సూచనలు ఇప్పుడు వర్తించవు.

పనిచేసే విధానం

యుఎస్‌బి పరికరాన్ని కంప్యూటరుకు కలిపినప్పుడు అది ముందుగా తన గుర్తింపును తెలుపుతుంది. ఇందులో తయారీదారు సంఖ్య, నమూనా సంఖ్య, పరికరం ఏ తరగతికి చెందినదో తెలిపే సంఖ్య ఉంటాయి. ప్రింటర్లకు 7వ తరగతి కేటాయించబడినది. అందువలన కొత్త ప్రింటరును ఏ కంప్యూటరైనా "ఇది ప్రింటరు" అని గుర్తించగలదు. అయితే ఆ ప్రింటరుకు ఏ భాషలో పుట వివరాలు పంపాలో తరగతి సంఖ్య చెప్పదు. పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ వంటి బహిరంగ భాషలు తెలిసిన ప్రింటర్లు ఉన్నాయి. తక్కువ ధరకు అమ్మే అనేక ప్రింటర్లు మాత్రం తమ సొంత భాషను మాత్రమే గ్రహిస్తాయి.

వాడుకరి ముద్రించమని ఆజ్ఞాపించగానే పత్రం సాధారణంగా పీడీఎఫ్ రూపంలో కప్స్‌కు చేరుతుంది. కప్స్ దానిని వరుసలో నిలిపి, వడపోతలు అనబడే చిన్న కార్యక్రమాల గుండా పంపుతుంది. ఇవి పత్రాన్ని ప్రింటరు భాషలోనికి మారుస్తాయి. చివరగా బ్యాకెండ్ అనే భాగం ఆ దత్తాంశాన్ని యుఎస్‌బి తీగ ద్వారా పరికరానికి చేరవేస్తుంది. డ్రైవరు అని వ్యవహారంలో అనేది ప్రధానంగా ఈ వడపోతను, ప్రింటరు లక్షణాలను వివరించే పీపీడీ దస్త్రాన్ని కలిపి.

స్కానర్ల పరిస్థితి ఇంతకంటె క్లిష్టమైనది. చాలా స్కానర్లు సర్వసామాన్యమైన తరగతిని కాక "తయారీదారు ఇష్టం" అని అర్థమిచ్చే సంఖ్యను తెలుపుతాయి. కాబట్టి ఒక్కొక్క స్కానరు కుటుంబానికి సేన్‌లో ఒక్కొక్క బ్యాకెండ్ రాయవలసి వచ్చింది. తయారీదారులు వివరాలు ఇవ్వని సందర్భాలలో, తీగ మీద ప్రయాణించే సంకేతాలను గమనించి స్వచ్ఛంద కార్యకర్తలే ఆ భాషను ఛేదించారు. ఎక్స్‌సేన్, సింపుల్ స్కాన్ వంటివి కేవలం వాడుకరికి కనబడే ముఖభాగాలు. వీటిలో ఒకదానిని తీసివేసి మరొకటి పెట్టినంత మాత్రాన దొరకని స్కానరు దొరకదు. లోపం దాదాపు ఎల్లప్పుడూ వాటి కింది అంతస్తులోనే ఉంటుంది.

బహుళ ప్రయోజన యంత్రాలలో ప్రింటరు, స్కానరు ఒకే పెట్టెలో ఉన్నా లినక్స్ దృష్టిలో అవి రెండు వేర్వేరు పరికరాలు. ముద్రణ జరుగుతూ స్కానింగు జరగకపోవడం ఈ కారణంగానే సంభవిస్తుంది.

లోపాన్ని గుర్తించే క్రమం

తీగ, విద్యుత్తు

యుఎస్‌బి 2.0 తీగ పొడవు 5 మీటర్లకు మించరాదు. నాసిరకం పొడిగింపు తీగల వలన పరికరం ఒకసారి కనబడి మరొకసారి మాయమవుతుంది. కానన్ లైడ్ వంటి పలుచని స్కానర్లు ప్రత్యేక విద్యుత్తు తీగ లేకుండా యుఎస్‌బి నుండే విద్యుత్తు గ్రహిస్తాయి. యుఎస్‌బి 2.0 పోర్టు ఇవ్వగలిగిన గరిష్ఠ విద్యుత్తు 500 మిల్లీ ఆంపియర్లు. సొంత విద్యుత్తు లేని హబ్ ద్వారా ఇట్టి స్కానరును కలిపితే దీపం వెలిగినా స్కానింగు మధ్యలో ఆగిపోవచ్చు. కనుక పరికరాన్ని నేరుగా కంప్యూటరు పోర్టుకు కలిపి చూడటం మొదటి పరీక్ష. పాత స్కానర్లు కొన్ని యుఎస్‌బి 3.0 పోర్టులలో మొరాయిస్తాయి. వాటికి 2.0 పోర్టును వాడి చూడవచ్చు. కొన్ని స్కానర్ల అడుగున రవాణా కొరకు తాళం మీట ఉంటుంది. దానిని విడిపించనిదే లోపలి భాగం కదలదు.

కెర్నెల్ గుర్తింపు

టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యుఎస్‌బి అనే ఆజ్ఞ ఇస్తే కలిపి ఉన్న యుఎస్‌బి పరికరాలన్నీ జాబితాగా వస్తాయి. పరికరం పేరు స్పష్టంగా లేకున్నా తయారీదారు సంఖ్యను బట్టి గుర్తించవచ్చు. హెచ్‌పీకి 03ఎఫ్0, ఎప్సన్‌కు 04బి8, కానన్‌కు 04ఎ9, బ్రదర్‌కు 04ఎఫ్9 అనే సంఖ్యలు ఉన్నాయి. జాబితాలో పరికరమే లేకపోతే డ్రైవర్ల జోలికి పోవలసిన పని లేదు. లోపం తీగలోనో, పోర్టులోనో, పరికరంలోనో ఉన్నట్లే. అప్పుడు డిఎంఇఎస్‌జి ఆజ్ఞతో కెర్నెల్ సందేశాలను చదవాలి. తీగ కలిపిన క్షణంలో -71 లేక -110 అనే దోష సంఖ్యలు కనబడితే సంభాషణ మధ్యలో తెగుతున్నదని, లేదా సమాధానం రావడం లేదని అర్థం. ఇవి చాలావరకు తీగ, విద్యుత్తు సంబంధమైన దోషాలు.

అనుమతులు

కెర్నెల్ గుర్తించినా, ఆ పరికరాన్ని వాడే అధికారం వాడుకరికి ఉండాలి. స్కానర్ల విషయంలో ఇది తరచుగా ఎదురయ్యే లోపం. మామూలు వాడుకరిగా స్కానరు కనబడకుండా, సుడోతో అదే ఆజ్ఞ ఇచ్చినప్పుడు కనబడితే లోపం అనుమతులదే. యూదెవ్ అనే సేవ పరికరపు సంఖ్యలను చూసి అనుమతులు ఇస్తుంది. జాబితాలో ఆ సంఖ్య లేకపోతే దానిని చేర్చాలి. కొన్ని పంపిణీలలో వాడుకరిని స్కానర్ అనే సమూహంలో చేర్చవలసి ఉంటుంది. చేర్చిన తరువాత ఒకసారి నిష్క్రమించి మరల ప్రవేశించనిదే ఆ మార్పు అమలులోకి రాదు. పరిష్కారంగా ప్రతిసారీ సుడోతో స్కాన్ చేయడం మంచి అలవాటు కాదు. అలా తయారైన దస్త్రాలను వాడుకరి తరువాత మార్చలేకపోవచ్చు.

ప్రింటర్లను చేర్చడానికి, తొలగించడానికి డెబియన్, ఉబుంటులలో ఎల్‌పిఅడ్మిన్ సమూహపు సభ్యత్వం అవసరం. ముద్రించడానికి మాత్రం ఈ సభ్యత్వం అక్కరలేదు.

డ్రైవరు

ఎల్‌పిఇన్ఫో -వి అనే ఆజ్ఞ కప్స్‌కు కనబడుతున్న ప్రింటర్ల చిరునామాలను చూపుతుంది. యుఎస్‌బితో ఆరంభమయ్యే చిరునామా కనబడితే బ్యాకెండ్ వరకు దారి సవ్యంగా ఉన్నట్లే. ఇక సరియైన డ్రైవరును ఎంచుకోవాలి. ఓపెన్‌ప్రింటింగ్ నిర్వహించే ప్రింటర్ల సమాచార నిధిలో నమూనా పేరు వెతికితే ఏ డ్రైవరు తగినదో తెలుస్తుంది. దగ్గరి నమూనా పేరును ఊహించి ఎంచుకుంటే అర్థం లేని అక్షరాలు పుటల కొద్దీ రావడం, లేదా ఏమీ రాకపోవడం జరుగుతుంది.

కొన్ని పరికరాలకు డ్రైవరుతో పాటు ఫర్మ్‌వేర్ కూడా కావాలి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1018, 1020 నమూనాలు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. విద్యుత్తు ఆపగానే ఇవి తమ ఫర్మ్‌వేర్‌ను మరచిపోతాయి. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరు నుండి దానిని మరల పంపాలి. నిన్న పనిచేసిన ప్రింటరు నేడు మౌనం వహించడానికి ఇది ఒక సాధారణ కారణం. స్నాప్‌స్కాన్ బ్యాకెండ్‌తో పనిచేసే కొన్ని ఎప్సన్ స్కానర్లకు కూడా ఫర్మ్‌వేర్ దస్త్రాన్ని సమకూర్చి, అది ఎక్కడ ఉన్నదో ఆ బ్యాకెండ్ అమరిక దస్త్రంలో రాయాలి.

ముద్రణ వరుస

అంతా సరిగా ఉండి పత్రం కదలనప్పుడు ఎల్‌పిస్టాట్ -టి ఆజ్ఞతో వరుస స్థితిని చూడాలి. ముద్రణ జరుగుతుండగా తీగ ఊడినా, ప్రింటరును ఆపినా కప్స్ ఆ వరుసను నిలిపివేయవచ్చు. తీగను మరల కలిపినా వరుస తనంతట తాను తెరుచుకోకపోవచ్చు. కప్స్‌ఎనేబుల్ అనే ఆజ్ఞకు ప్రింటరు పేరు జోడించి ఇస్తే అది తెరుచుకుంటుంది. ఇదే పనిని బ్రౌజరులో లోకల్‌హోస్ట్:631 అనే చిరునామా తెరిచి కూడా చేయవచ్చు.

కారణం తెలియనప్పుడు కప్స్‌సిటిఎల్ ఆజ్ఞతో సవివర నమోదును ఆరంభించి, ఒక పుటను ముద్రించి, కప్స్ దోష నమోదు దస్త్రాన్ని చదవాలి. "ఫిల్టర్ ఫెయిల్డ్" అన్న సందేశం వడపోత విఫలమైనదని మాత్రమే తెలుపుతుంది. అసలు కారణం దానికి పై వరుసలలో ఉంటుంది. 64 బిట్ల కంప్యూటరులో 32 బిట్ల డ్రైవరుకు కావలసిన గ్రంథాలయాలు లేకపోవడం ఇట్టి కారణాలలో ఒకటి.

కాగితపు పరిమాణాన్ని కూడా గమనించాలి. భారతదేశంలో వాడే ఏ4 కాగితం 210 × 297 మిల్లీమీటర్లు. అమెరికాలో వాడే లెటర్ కాగితం సుమారు 216 × 279 మిల్లీమీటర్లు. వరుసలో లెటర్ అని ఉండి ట్రేలో ఏ4 ఉంటే కొన్ని ప్రింటర్లు దీపం మిణుకుమిణుకుమంటూ కాగితం కొరకు వేచి ఉంటాయి. ఇది చూచి యంత్రం చెడినదనుకోవడం కద్దు.

స్కానరు పరీక్ష

స్కానర్లకు రెండు ఆజ్ఞలు ముఖ్యమైనవి. సేన్-ఫైండ్-స్కానర్ అనేది డ్రైవరుతో సంబంధం లేకుండా యుఎస్‌బి మీద స్కానరును పోలిన పరికరం ఉన్నదేమో చూస్తుంది. స్కాన్‌ఇమేజ్ -ఎల్ అనేది సేన్ బ్యాకెండ్లు ఏ స్కానరునైనా తమదిగా గుర్తించాయేమో చూస్తుంది. ఇక్కడ ఎల్ పెద్ద అక్షరం. రెండింటి ఫలితాలను పోల్చితే లోపం స్థానం తెలుస్తుంది.

1. రెండూ చూపకపోతే: తీగ, విద్యుత్తు, అనుమతులను పరీక్షించాలి. బహుళ ప్రయోజన యంత్రాలను మొదటి ఆజ్ఞ కొన్నిసార్లు గుర్తించదు. అప్పుడు ఎల్‌ఎస్‌యుఎస్‌బి ఫలితమే ఆధారం.
2. మొదటిది చూపి రెండవది చూపకపోతే: తగిన బ్యాకెండ్ లేదు, లేదా అనుమతి లేదు, లేదా సేన్ అమరిక దస్త్రంలో ఆ బ్యాకెండ్ పేరు నిలిపివేయబడినది.
3. రెండూ చూపి స్కానింగు విఫలమైతే: ఫర్మ్‌వేర్, రవాణా తాళం, విద్యుత్తు కొరత, లేదా మరొక కార్యక్రమం స్కానరును వాడుకొనుచుండటం కారణం కావచ్చు.

తయారీదారుల వారీగా పరిస్థితి

హెచ్‌పీ: ఈ సంస్థ హెచ్‌పీఎల్‌ఐపీ అనే సాఫ్టువేరును స్వయంగా అందిస్తున్నది. ముద్రణ, స్కానింగు రెండూ దీనిలో ఉన్నాయి. హెచ్‌పీ-సెటప్ ఆజ్ఞతో అమరిక జరుగుతుంది. కొన్ని నమూనాలకు మూల సంకేతం లేని ప్లగిన్‌ను అదనంగా దించుకోవాలి. ప్లగిన్ సంచిక, హెచ్‌పీఎల్‌ఐపీ సంచిక ఒకటే కావాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌ను నవీకరించిన తరువాత ప్రింటరు పనిచేయకపోతే ముందుగా ఈ సంగతినే చూడాలి. హెచ్‌పీ-ప్లగిన్ ఆజ్ఞతో సరిపడే సంచికను మరల పొందవచ్చు.

కానన్: లైడ్ శ్రేణి స్కానర్లకు, పిక్స్‌మా యంత్రాలకు సేన్‌లో మంచి ఆదరువు ఉంది. లైడ్ 20, 30 ప్లస్‌టెక్ బ్యాకెండ్‌తోను, లైడ్ 110, 210 జెనెసిస్ బ్యాకెండ్‌తోను, లైడ్ 300, 400 పిక్స్‌మా బ్యాకెండ్‌తోను పనిచేస్తాయి. భారతదేశంలో చిన్న కార్యాలయాలలో విరివిగా కనిపించే ఎల్‌బీపీ 2900 ప్రింటరు క్యాప్ట్ అనే సొంత భాషను వాడుతుంది. దీనికి కానన్ ఇచ్చిన లినక్స్ డ్రైవరులో సీసీపీడీ అనే అదనపు సేవ నడుస్తూ ఉండాలి. అది ఆగితే ముద్రణ ఆగుతుంది. స్వచ్ఛంద కార్యకర్తలు ఈ భాషను ఛేదించి వేరొక డ్రైవరును కూడా రూపొందించారు.

ఎప్సన్: ఈ సంస్థ ఇంకుజెట్ ప్రింటర్లకు ఎస్క్‌పీ-ఆర్ అనే డ్రైవరును మూల సంకేతంతో సహా విడుదల చేసింది. పాత ఎప్సన్ ప్రింటర్లకు గుటెన్‌ప్రింట్ డ్రైవర్లు చక్కగా పనిచేస్తాయి. స్కానర్లకు సేన్‌తో పాటు సంస్థ ఇచ్చే ఎప్సన్ స్కాన్ 2 ఉంది.

బ్రదర్: ఈ సంస్థ లినక్స్ డ్రైవర్లను సిద్ధరూపంలో అందిస్తున్నది. వీటిలో చాలా భాగం ఇంటెల్ తరహా ప్రాసెసర్లకు మాత్రమే తయారైనవి. అందువలన రాస్ప్‌బెరీ పై వంటి ఆర్మ్ ప్రాసెసరు గల కంప్యూటర్లలో అవి నడవవు. కొన్ని లేజర్ నమూనాలకు బీఆర్‌లేజర్ అనే స్వేచ్ఛా డ్రైవరు ఈ లోటును తీరుస్తుంది. మూల సంకేతం బహిరంగంగా ఉంటే ఏ ప్రాసెసరుకైనా మలచుకోవచ్చు, సిద్ధరూపంలో ఉంటే తయారీదారు దయపై ఆధారపడవలసినదే.

డ్రైవరు అక్కరలేని పద్ధతి

ఇంటర్నెట్ ముద్రణ ప్రోటోకాల్ అయిన ఐపీపీ ఆధారంగా 2010లో ఆపిల్ ఎయిర్‌ప్రింట్ పద్ధతిని ప్రవేశపెట్టింది. 2013లో ఐపీపీ ఎవ్రీవేర్ అనే బహిరంగ ప్రమాణం వెలువడినది. ఈ పద్ధతులలో ప్రింటరు తన కాగితపు పరిమాణాలు, రంగులు, రెండు వైపులా ముద్రించే సామర్థ్యం మొదలగు వివరాలను తానే చెబుతుంది. కంప్యూటరు అందరికీ తెలిసిన భాషలో పుటలను పంపుతుంది. నమూనాకొక డ్రైవరు అవసరం ఉండదు.

ఇదే సంభాషణను యుఎస్‌బి తీగ మీద జరిపే ఏర్పాటు కూడా ఉంది. లినక్స్‌లో ఐపీపీ-యుఎస్‌బి అనే సేవ ఈ పనిని నిర్వహిస్తుంది. 2021 ఆగస్టులో విడుదలైన డెబియన్ 11 నుండి ఇది సామాన్య అమరికలో భాగమైనది. స్కానర్లకు సేన్-ఎయిర్‌స్కాన్ అనే బ్యాకెండ్ ఇదే విధమైన సౌకర్యం కల్పిస్తుంది. ఇటీవలి బహుళ ప్రయోజన యంత్రాలలో అనేకం ఈ రెండింటితోనే ముద్రించి, స్కాన్ చేయగలవు.

ఇందువలన ఒక కొత్త చిక్కు కూడా ఏర్పడినది. ఐపీపీ-యుఎస్‌బి ఒకసారి పరికరాన్ని చేపడితే పాత పద్ధతి డ్రైవర్లకు ఆ పరికరం అందదు. నవీకరణకు ముందు తయారీదారు డ్రైవరుతో పనిచేసిన యంత్రం తరువాత "పరికరం దొరకలేదు" అని చెప్పడానికి ఇది కారణం. పాత వరుసను తొలగించి డ్రైవరు అక్కరలేని కొత్త వరుసను చేర్చుకోవడం ఒక మార్గం. పాత డ్రైవరే కావలసివస్తే ఐపీపీ-యుఎస్‌బి సేవను ఆపివేయాలి. రెండింటినీ ఒకే యంత్రానికి కలిపి వాడబూనరాదు.

కప్స్ 3 శ్రేణిలో పీపీడీ దస్త్రాల పద్ధతిని పూర్తిగా విడిచిపెట్టాలని దాని నిర్మాతలు నిర్ణయించారు. పాత ప్రింటర్ల కొరకు ప్రింటర్ అప్లికేషన్లు అనే కార్యక్రమాలను రూపొందించారు. ఇవి పాత యంత్రానికి, కొత్త వ్యవస్థకు మధ్య దుబాసీలవలె పనిచేస్తాయి.

తెలుగు పాఠ్యం ముద్రణ, స్కానింగు

తెలుగులో గుణింతాలు, ఒత్తులు తెరమీద సరిగా కనబడటానికి అక్షర కూర్పు యంత్రాంగం అవసరం. లినక్స్‌లో ఈ పనిని హార్ఫ్‌బజ్, పాంగో అనే గ్రంథాలయాలు చేస్తాయి. టెర్మినల్ నుండి సాదా పాఠ్య దస్త్రాన్ని నేరుగా కప్స్‌కు పంపినప్పుడు, పాఠ్యాన్ని పుటగా మార్చే మామూలు వడపోత ఈ కూర్పును చేయదు. ఫలితంగా ఒత్తులు విడిపోయి, లేదా అక్షరాలకు బదులు ఖాళీ గడులు వచ్చి ముద్రణ పాడవుతుంది. ఇది ప్రింటరు దోషం కాదు. ఆ పాఠ్యాన్ని లిబ్రేఆఫీస్ వంటి కార్యక్రమంలో తెరిచి ముద్రించాలి, లేదా ఫాంటుతో సహా పీడీఎఫ్‌గా మార్చి పంపాలి. పాంగో ఆధారంగా పనిచేసే పాప్స్ అనే కార్యక్రమాన్ని కూడా ఈ పనికి వాడవచ్చు. లోహిత్ తెలుగు, పోతన2000, వేమన2000 వంటి యూనికోడ్ ఫాంట్లలో ఏదో ఒకటి కంప్యూటరులో ఉండాలి.

పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి అక్షర గుర్తింపు జరపడానికి అంగుళానికి 300 చుక్కల స్పష్టత ఉండటం మంచిది. ఈ స్పష్టతలో ఒక ఏ4 పుట సుమారు 2480 × 3508 చుక్కలవుతుంది. రంగులలో అయితే కుదించక ముందు దాదాపు 26 మెగాబైట్లు, బూడిద వర్ణంలో దాదాపు 9 మెగాబైట్లు. యుఎస్‌బి 1.1 స్కానరు సెకనుకు ఒక మెగాబైటుకు అటు ఇటుగా పంపగలదు కనుక ఒక్కొక్క రంగు పుటకు అర నిమిషం పట్టడం సహజం. నలుపు అక్షరాల పుస్తకానికి బూడిద వర్ణం ఎంచుకుంటే కాలం మూడవ వంతుకు తగ్గుతుంది. స్కాన్ చేసిన పుటల నుండి పాఠ్యాన్ని రాబట్టడానికి టెసెరాక్ట్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు ఉపకరిస్తుంది. హెచ్‌పీ సంస్థలో పుట్టిన ఈ సాఫ్టువేరు మూల సంకేతం 2005లో బహిరంగమైనది. దీనికి తెలుగు భాషా దత్తాంశాన్ని విడిగా స్థాపించాలి. ఒత్తులు అరిగిన పాత ముద్రణలలో తప్పులు ఎక్కువ వస్తాయి కనుక మనిషి దిద్దుబాటు తప్పనిసరి.

భద్రత

2024 సెప్టెంబరులో కప్స్‌తో కూడిన కొన్ని భాగాలలో భద్రతా లోపాలు బయటపడినవి. నెట్‌వర్కులోని ప్రింటర్లను వెతికే కప్స్-బ్రౌజ్డ్ అనే సేవ, అపరిచిత కంప్యూటరు పంపిన సమాచారాన్ని నమ్మి బూటకపు ప్రింటరును చేర్చుకొనే అవకాశం ఉన్నట్లు తేలింది. ఆ ప్రింటరుకు ఏదైనా పత్రాన్ని పంపితే హానికరమైన ఆజ్ఞలు అమలయ్యే ప్రమాదం ఉంది. వీటికి దిద్దుబాట్లు వెలువడినవి. యుఎస్‌బి ప్రింటరును మాత్రమే వాడేవారికి ఈ సేవ అవసరం లేదు, దానిని ఆపివేయవచ్చు. డ్రైవర్లను పంపిణీ భాండాగారం నుండి గాని, తయారీదారు నుండి గాని పొందాలే తప్ప ఎక్కడబడితే అక్కడి నుండి దించుకొని సుడోతో నడపరాదు.

పాత యంత్రాల వినియోగం

ప్రింటరు, స్కానరు చాలా ఏళ్ళు పనిచేయగల యంత్రాలు. వాటిని పక్కన పెట్టడానికి తరచుగా కారణమయ్యేది యంత్రం అరగడం కాదు, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు తయారీదారు డ్రైవరు విడుదల చేయకపోవడం. ఒక పరికరపు భాష ఒకసారి బహిరంగమై సేన్‌లోనో, గుటెన్‌ప్రింట్‌లోనో చేరితే ఆ పరికరం తయారీ ఆగిన తరువాత కూడా లినక్స్‌లో పనిచేస్తూనే ఉంటుంది. పైన చెప్పిన లైడ్ 20, 30 ఇట్టివే. పాఠశాలలు, గ్రంథాలయాలు, చిన్న కార్యాలయాలు పాత పరికరాన్ని పారవేసే ముందు దాని యుఎస్‌బి సంఖ్యను సేన్, ఓపెన్‌ప్రింటింగ్ జాబితాలలో వెతకడం ఉపయోగకరం.

కొత్తది కొనేవారు కూడా ధరతో పాటు ఆ యంత్రం ఏ భాషను గ్రహిస్తుందో విచారించాలి. పెట్టె మీద "లినక్స్" అన్న పేరు కంటె, పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్, ఎయిర్‌ప్రింట్, ఐపీపీ ఎవ్రీవేర్ వంటి బహిరంగ పద్ధతుల ప్రస్తావన ఎక్కువ భరోసా ఇస్తుంది. తయారీదారు డ్రైవరు ఒక సంచికతో ఆగిపోవచ్చు. అందరికీ తెలిసిన భాష ఆ విధంగా ఆగిపోదు.